పనాహ్ అడిగినవాడు, పత్రం అడిగే సర్కారు

జుమా నమాజు ముగించుకుని నాగర్‌కర్నూలులో మసీదు మెట్లు దిగుతుండగా ఒక పెద్దమనిషి మమ్మల్ని ఆపారు. ఆయన చిన్న కుమారుడు అమెరికాలో పై చదువు చదువుతున్నాడు. "మౌల్వీ సాబ్, అక్కడ కొన్ని ఊర్లు పరదేశోళ్లను మేం పట్టియ్యమంటున్నయట. పెద్ద సర్కారేమో పట్టియ్యాల్సిందే అంటున్నదట. ఒక్క దేశంల రెండు హుకుంలు ఎట్ల నడుస్తయి? మా పోరడు ఉన్న ఊరు ఏ లెక్కల కొస్తది?" అని అడిగారు. ఆ తండ్రి కళ్లలో వార్త తెలుసుకోవాలన్న ఆసక్తి కాక, బిడ్డ గురించిన భయమే కనిపించింది. అక్కడ నిలబడి నాలుగు మాటలు చెప్పి పంపించాము. కాని అది నాలుగు మాటలలో తెమిలే విషయం కాదని ఇంటికి వచ్చాక అనిపించింది. పైగా అది అమెరికాకు మాత్రమే సంబంధించిన విషయమూ కాదు.

అమెరికాలో ఇటువంటి ఊళ్లను 'శాంక్చువరీ సిటీ' అంటారు. మన భాషలో పనాహ్ ఇచ్చిన పట్టణం, అంటే ఆశ్రయ నగరం. 1980 తరువాతి సంవత్సరాలలో ఎల్ సాల్వడార్, గ్వాటిమాలా దేశాలలో అంతర్యుద్ధాలు చెలరేగి జనం ప్రాణాలు అరచేత పట్టుకుని అమెరికా చేరారు. అక్కడి ప్రభుత్వం వారిలో అత్యధికులకు శరణు నిరాకరించింది. అప్పుడు 1982లో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ పట్టణంలో ఒక చర్చి బహిరంగంగా తలుపులు తెరిచి వారికి చోటిచ్చింది. ఆ పేరు అక్కడినుంచి వ్యాపించింది. అంతకు ముందే, 1979లో, లాస్ ఏంజిలెస్ పోలీసు శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. ఒక మనిషి దేశంలోకి ఎలా వచ్చాడో కనిపెట్టడమే పనిగా పోలీసులు ఎవరి వెంటా పడకూడదన్నది దాని సారాంశం. 1989లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం ఏకంగా చట్టమే చేసుకుంది. 2017లో కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికీ అటువంటి చట్టం వచ్చింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఆశ్రయ నగరం అంటే దొంగలను దాచిపెట్టే ఊరు కాదు. కేంద్ర ప్రభుత్వపు వలస అధికారులు ఆ ఊళ్లోకి రావచ్చు, తమ చట్టం ప్రకారం అరెస్టులూ చేయవచ్చు. ఊరు చెప్పేది ఒక్కటే. 'ఆ పని మీది. మా పోలీసులను, మా జైళ్లను, మా బడులను ఆ పనికి వాడుకోనివ్వము' అని. నేరం చేసినవాడిని ఆ ఊరి పోలీసులూ పట్టుకుంటారు, ఆ ఊరి కోర్టులూ శిక్షిస్తాయి. అయితే శిక్ష ముగిసినవాడిని, బెయిలు వచ్చినవాడిని, న్యాయమూర్తి వారెంటు లేకుండా కేవలం వలస శాఖ కాగితం మీద అదనంగా నిర్బంధించడానికి ఒప్పుకోరు. రాష్ట్రాల అధికారులను కేంద్రం తన నౌకర్లుగా వాడుకోజాలదని అమెరికా సుప్రీం కోర్టు 1997లో తుపాకుల చట్టానికి సంబంధించిన ఒక కేసులో తీర్పు చెప్పింది. ఊళ్లకు ఆ తీర్పే అండ. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఇల్లినాయ్ రాష్ట్రం మీద, షికాగో నగరం మీద దావా వేస్తే, అదే సంవత్సరం జులైలో అక్కడి ఫెడరల్ కోర్టు ఈ సూత్రం మీదనే ఆ దావాను కొట్టివేసింది.

అన్ని రాష్ట్రాలూ ఈ దారిలో లేవు. మన తెలుగువారు ఎక్కువగా ఉండే టెక్సాస్ రాష్ట్రం 2017లోనే ఆశ్రయ నగరాలను నిషేధించింది. సహకరించని అధికారిని పదవినుంచి తొలగించే వీలు ఆ చట్టంలో ఉంది. అంటే ఆ పెద్దమనిషి అడిగిన రెండో ప్రశ్నకు జవాబు, అబ్బాయి డాలస్‌లో ఉన్నాడా, షికాగోలో ఉన్నాడా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మరి ఒక ఊరు ఇంత పట్టుదలకు ఎందుకు పోవాలి? దయ ఒక్కటే కారణం కాదు, అనుభవమూ కారణమే. ఇంట్లో దొంగలు పడ్డా, భర్త చేతిలో దెబ్బలు తిన్నా, ఠాణాకు వెళితే తననే పట్టి పంపేస్తారన్న భయం ఉన్న మనిషి ఠాణా మెట్లు ఎక్కడు. సాక్ష్యం చెప్పడు. అంటురోగం వచ్చినా ఆసుపత్రికి రాడు. పిల్లను బడికి పంపడు. అప్పుడు నష్టపోయేది అతనొక్కడే కాదు, పక్కింటివాడు కూడా. టెక్సాస్ ఒకప్పుడు పత్రాలు లేనివారి పిల్లలకు ఉచిత చదువు నిరాకరించగా, 1982లో అమెరికా సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. తల్లిదండ్రులు చేసిన పనికి పసిపిల్లను అక్షరజ్ఞానానికి దూరం చేయరాదని తేల్చింది. అటువంటి దేశంలోనే, బడులు, ఆసుపత్రులు, ప్రార్థనాస్థలాల దగ్గర అరెస్టులు చేయరాదన్న పాత కట్టుబాటును 2025 జనవరిలో ఎత్తివేశారు. ముప్పై ఏళ్లుగా బడి గుమ్మంలో నిలబడి పిల్లలను లోపలికి పిలిచినవాళ్లము కనుక, ఆ వార్త మమ్మల్ని ఎక్కువగా కలచివేసింది.

'మా వాడు వీసా మీద పోయాడు, దొంగదారిన పోలేదు. ఇదంతా మాకెందుకు?' అని కొందరు అనుకోవచ్చు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఏమి జరిగిందో గుర్తు తెచ్చుకుందాం. వలస శాఖ తానే ఫార్మింగ్‌టన్ అనే నకిలీ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పి, అందులో చేరిన విద్యార్థులను పట్టుకుంది. మొదటి విడతలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగు పిల్లలే ఎక్కువ. పిల్లల తప్పు లేదని మేము అనము. తరగతులే జరగని చోట పేరు రాయించుకోవడం తప్పే. అయినా వల పన్నిన చెయ్యి ఎవరిదో కూడా చూడాలి కదా! ఆ తరువాత 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల నమోదు ఒక్కసారిగా రద్దయింది. పోలీసు రికార్డులలో వారి పేరు ఎక్కడో తగిలిందన్నదే కారణం. కొందరివి కేవలం ట్రాఫిక్ చలానాలు, మరికొందరివి ఎప్పుడో కొట్టివేసిన కేసులు. కోర్టులు మందలించాక ఆ నెలలోనే తిరిగి పునరుద్ధరించారు. ఊరి పోలీసు రాసుకున్న చిన్న చీటీ పెద్ద సర్కారు చేతిలో ఎంత పెద్ద కత్తి అవుతుందో ఆ నెలలో మన పిల్లలు చూశారు. ఆ ఊళ్ల పట్టుదలకు అర్థం అప్పుడు బోధపడుతుంది.

ఇక మన దేశానికి వద్దాం. పౌరసత్వం, విదేశీయులు, దేశంనుంచి బహిష్కరణ, ఇవన్నీ మన రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయి. పోలీసు మాత్రం రాష్ట్ర జాబితాలో ఉంది. కాని అమెరికా రాష్ట్రాలకు ఉన్న వెసులుబాటు మన రాష్ట్రాలకు లేదు. విదేశీయులను గుర్తించి పంపించే అధికారాన్ని కేంద్రం 1958లోనే రాష్ట్రాలకు అప్పగించింది. కేంద్ర చట్టాలను అమలు చేయవలసిన బాధ్యత కూడా రాష్ట్రాల మీద ఉంది. అయినప్పటికీ పనాహ్ అన్న మాట మన దేశంలో వినిపించకుండా పోలేదు. 2021 ఫిబ్రవరిలో బర్మాలో సైన్యం గద్దెనెక్కినప్పుడు చిన్ తెగ ప్రజలు సరిహద్దు దాటి మిజోరం చేరారు. వారిని ఆపాలని, తిప్పి పంపాలని కేంద్రం మార్చిలో ఈశాన్య రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. ఇది మాకు సమ్మతం కాదని మిజోరం ముఖ్యమంత్రి జోరంతంగా ప్రధానికి జవాబు రాశారు. బీద రాష్ట్రమైనా ముప్పై వేలమందికి పైగా నీడనిచ్చింది. చర్చిలు అన్నం పెట్టాయి, బడులు పిల్లలను చేర్చుకున్నాయి. మిజోలు మన మతంవారు కారు. అయినా ఆ పనికి మనస్ఫూర్తిగా షాబాష్ అనవలసినది ముందుగా మనమే.

మన రాష్ట్రం కూడా ఒక మాట అన్నది. 2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ పౌరసత్వ సవరణ చట్టం మీద తీర్మానం చేసింది. ఆ చట్టంలో మతం ప్రస్తావన, దేశాల ప్రస్తావన తీసివేయాలని కోరింది. తనకే జన్మపత్రం లేదని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ రోజులలో సభలో చెప్పారు. ఆ తీర్మానానికి చట్టబలం లేదు. 2024 మార్చి 11న ఆ చట్టం నిబంధనలు వెలువడనే వెలువడ్డాయి. కాని పత్రం లేని మనిషి అంటే పరాయివాడు అని అర్థం కాదని ఒక ముఖ్యమంత్రి నోట రావడం చిన్న విషయం కాదు. ఆ మాటలోని నిజం మా చేతి రాతలోనే ఉంది. అది చెప్పక తప్పదు.

1993 జూన్‌లో మేము ఒక చిన్న బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరాము. ఒకరోజు ఒక ముసలమ్మ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తల్లిదండ్రులు గుంపు మేస్త్రీ వెంట బొంబాయి దిక్కు మట్టిపనికి పోయారు. పిల్లవాడు ఎప్పుడు పుట్టాడని అడిగితే, "మిరుగం పోయినంక పుట్టిండు సారూ, ఆరో ఏడు నడుస్తున్నది" అన్నది. మేము వేళ్లమీద లెక్కవేసి, గుండుసున్నలాంటి తేదీ అయితే బాగుంటుందని 1987 జులై 1 అని అడ్మిషన్ రిజిస్టరులో రాశాము. ఆ రోజు అలా రాసిన పేర్లు పది పన్నెండు ఉంటాయి. అదొక తప్పని మాకు తోచనే లేదు.

చాలా ఏళ్ల తరువాత, 2020 మొదట్లో, ఆ పిల్లవాడు ఇద్దరు బిడ్డల తండ్రి అయి పదో తరగతి మెమో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అప్పుడు చట్టం తిరగేసి చూశాము. 1987 జులై 1కి ముందు ఈ గడ్డమీద పుట్టినవాడు పుట్టుకతోనే పౌరుడు. ఆ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టినవాడు తల్లిదండ్రులలో ఒకరైనా పౌరులని కూడా చూపాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి షరతు ఇంకా బిగుసుకుంది. మిరుగం పోయిన వారానికే పుట్టి ఉంటే అతనిది మొదటి లెక్క. మేము ఒక్క రోజు అటు జరిపి రాసినందున రెండో లెక్కలో పడ్డాడు. "మీరు రాసిందే గద సార్" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. మాకు జవాబు దొరకలేదు. అతని తాత ముత్తాతలు ఈ ఊరి ఖబరస్తాన్‌లోనే ఉన్నారు. వారి పేరిట కాగితం మాత్రం లేదు.

పత్రాల సంగతి ఇంత బలహీనమైనది. ఒక కుర్ర ఉపాధ్యాయుడు ఊహించి రాసిన తేదీ, ఒక గుమాస్తా తోచినట్టు రాసిన పేరు. ఒకే మనిషి ఒక కాగితంలో మహమ్మద్, మరొకదానిలో మహ్మద్, ఇంకొకదానిలో ఎండీ. పెళ్లికి ముందు బీ, తరువాత బేగం. అస్సాంలో 2019 ఆగస్టు 31న తుది జాబితా వెలువడినప్పుడు 19 లక్షల 6 వేల 657 మంది పేర్లు అందులో లేవు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. విదేశీయుడు కాదని రుజువు చేసుకునే భారం 1946 చట్టం ప్రకారం ఆరోపణ ఎదుర్కొన్న మనిషిదే. 2025 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే. అటువంటప్పుడు విచారణ ఎంత నిదానంగా, ఎంత జాగ్రత్తగా జరగాలి! 2025 వేసవిలో అనేక రాష్ట్రాలలో బెంగాలీ మాట్లాడే కూలీలను పట్టుకుని పత్రాలు అడిగారు. ఢిల్లీలో పట్టుబడిన ఒక గర్భవతిని భర్తతో, బిడ్డతో సహా సరిహద్దు దాటించారు. ఆమె బెంగాల్ బిడ్డ. కలకత్తా హైకోర్టు సెప్టెంబరులో ఆ ఉత్తర్వును తప్పుపట్టింది. డిసెంబరులో గాని ఆమె తిరిగి రాలేదు. మన పాలమూరు కూలీ పుణెలోనో, ముంబైలోనో ఉర్దూ కలిసిన తెలుగు మాట్లాడుతూ పట్టుబడితే అతని తరపున పలికే గొంతు ఏది? ఆ రోజు అతను పనిచేస్తున్న ఊరి పోలీసు ఒక్కక్షణం ఆగి, గద్వాలకో వనపర్తికో ఫోను చేసి విచారించాలని మనం కోరుకోమా?

మన దీన్ ఈ విషయంలో ఏమి చూపింది? మక్కాలో హింస భరించలేక కొందరు సహాబీలు హబషాకు హిజ్రత్ చేశారు. ఖురైషులు వెంటనే ఇద్దరు రాయబారులను కానుకలతో పంపారు. ముందుగా దర్బారు పెద్దలకు కానుకలు ముట్టజెప్పి, వీరి మాట వినకుండానే అప్పగించేటట్టు చూడమన్నారు. నజ్జాషీ రాజు క్రైస్తవుడు. నా నీడకు వచ్చినవారి మాట వినకుండా అప్పగించనని చెప్పి, హజ్రత్ జాఫర్ (రజి)ను పిలిపించి నిండు కొలువులో విన్నాడు. విన్న తరువాత కానుకలు తిప్పి పంపాడు. మక్కా జయించిన రోజున హజ్రత్ ఉమ్మె హానీ (రజి) తన ఇంట్లో ఇద్దరికి పనాహ్ ఇస్తే, ఆమె మాటను దైవప్రవక్త (సఅసం) నిలబెట్టారు. ఒక ఇంటి ఇల్లాలు ఇచ్చిన మాట రాజ్యం మాట అయింది.

అయితే ఇంకో సంఘటన కూడా ఉంది. దానిని దాచి చెప్పడం అమానత్ కాదు. హుదైబియాలో ఒడంబడిక రాస్తుండగా హజ్రత్ అబూ జందల్ (రజి) సంకెళ్లతో వచ్చి పడ్డారు. మక్కానుంచి వచ్చినవారిని తిప్పి పంపాలన్నది షరతు. ముస్లిముల గుండెలు తరుక్కుపోయినా దైవప్రవక్త (సఅసం) మాట తప్పలేదు. సహనం చెప్పి పంపించారు. కనుక దేశానికి చట్టం ఉండరాదని, సరిహద్దు ఉండరాదని మేము అనడం లేదు. ఎవరు రావాలో, ఎవరు ఉండాలో నిర్ణయించే హక్కు రాజ్యానికి ఉంది. మనం ఆ చట్టానికి బద్ధులం. మేము అనేది ఇంతే. మాట విన్న తరువాతే అప్పగింత. బడి రిజిస్టరు, ఆసుపత్రి చీటీ వలలు కారాదు. పౌరుడు కానివాడి ప్రాణానికీ రక్షణ ఉందని మన సుప్రీం కోర్టు 1996లో చక్మాల కేసులో చెప్పింది. 2021లో రోహింగ్యాల విషయంలో, దేశంలో ఉండిపోయే హక్కు పౌరులదేనంటూనే, చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా పంపరాదని చెప్పింది. ఈ రెండూ కలిపి చదువుకుంటే చాలు.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. పరాయివారు మనకు కొత్త కాదు. వనపర్తి సంస్థానంలో ఆఫ్రికా రౌతుల దళం ఉండేది. అది తరువాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చినదే. 1948 పోలీసు చర్య తరువాత హైదరాబాదు రాష్ట్రంలోని అరబ్బులను, రోహిల్లాలను పట్టి వారి దేశాలకు పంపే ప్రయత్నం జరిగింది. తీరా చూస్తే ఎంతోమంది ఇక్కడే పుట్టినవారు, ఇక్కడి తల్లుల బిడ్డలు. ఈనాడు వారి మనుమలు మన ఇరుగుపొరుగు.

కాని ఈనాడు వచ్చినవారితో మన నడవడి ఎలా ఉంది? అమెరికా ఊళ్లు మన పిల్లలకు అండగా ఉండాలని దుఆ చేస్తాము. బాలాపూర్‌లో గుడిసెలలో ఉన్న రోహింగ్యాల మాట వస్తే, 'వాళ్లవల్లనే మనకు తిప్పలు' అంటాము. వరినాట్లకు బెంగాల్, బీహార్ కూలీలు మన పల్లెలకు వస్తున్నారు. బియ్యం మిల్లులలో హమాలీలు వారే. కూలి ఎగ్గొట్టాలనుకున్నవాడు 'ఠాణాలో చెబుతా, బంగ్లాదేశ్ పంపుతా' అని బెదిరించడం మేము చెవులారా విన్నాము. ఆ బెదిరించినవాడు ముస్లిమే. మన పిల్లవాడిని డాలస్‌లో ఒక యజమాని ఇదే మాటతో బెదిరిస్తే మనం ఏమంటాము?

కనుక మా మనవి ఇది. పుట్టిన బిడ్డను ఇరవై ఒక్క రోజులలో నమోదు చేయించండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి మొదలు పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి జన్మ ధ్రువపత్రమే ఆధారం. ఇంటిల్లిపాది పేర్లు అన్ని కాగితాలలో ఒకే తీరుగా ఉన్నాయా చూసుకోండి. కోడళ్ల పేర్లు ముఖ్యంగా. తాతల నాటి పట్టాలు, పాత ఓటరు జాబితాలు జాగ్రత్త చేయండి. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని గుర్తుంచుకోండి. 2020 ఫిబ్రవరిలో హైదరాబాదులో 127 మందికి ఆధార్ విషయంలో నోటీసులు వచ్చినప్పుడు ఆ సంస్థే ఈ మాట చెప్పింది. దొంగ పత్రం కొనకండి, ఎంత సానుభూతి ఉన్నా ఎవరికీ పుట్టించి ఇవ్వకండి. ఒక్క దొంగ పత్రం వంద నిజమైన పత్రాల మీద అనుమానం తెస్తుంది. ఉపాధ్యాయ సోదరులు తేదీ రాసేటప్పుడు, మేము చేసిన పని చేయకుండా, ఒక్కరోజు ఆగి విచారించి రాయాలి.

పొలానికి, మిల్లుకు వచ్చిన కూలీకి మాట్లాడుకున్న కూలి చెమట ఆరకముందే ఇవ్వండి. అతని బిడ్డ బడి గుమ్మంలో కనిపిస్తే లోపలికి పిలవండి. అతనెవరో తేల్చే పని సర్కారుది. అతను ఆకలితో ఉన్నాడా లేదా చూసే పని మనది. ఈ రెండు పనులూ ఒకదానితో ఒకటి కలవకుండా చూడడమే ఆ పెద్దమనిషి అడిగిన ఊళ్లు చేస్తున్నది.

ఆయన కుమారుడు క్షేమంగా చదువు ముగించుకుని రావాలి. మన ఊరికి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడి కుమారుడూ క్షేమంగా ఉండాలి. ఈ రెండు దుఆలూ ఒకే నోట చేయగల హృదయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.